పాప పిక్క మీద ఇంకు

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ప్రొద్దుటూరులో మా పక్కిల్లు ఖాళీగా ఉండేది. అందులో ఎవరో తిరుగుతున్నారని వీధంతా వణికేది. నేను ఆ ఇంటి మెట్ల మీదే కూర్చుని లెక్కలు చేసుకునేదాన్ని. ఇప్పుడు హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఎవరేం చెప్పినా రుజువు చూపించమనడమే నా ఉద్యోగం. మా ఆయన దానికి వేరే పేరు పెట్టాడు లెండి.

పోయిన ఎండాకాలం ఒక ఆదివారం ఆయన పట్టుబట్టి మమ్మల్ని కొత్తగూడ దగ్గర పాత మోటార్‌ సైకిళ్ల మ్యూజియానికి తీసుకెళ్లాడు. ఆయనకు బండ్ల పిచ్చి. నాకు ఏసీ ఉంటే చాలు. మిట్ట మధ్యాహ్నం కావడంతో లోపల మేము తప్ప ఎవరూ లేరు. ఆరేళ్ల మా నిత్య నా చెయ్యి పట్టుకుని నడుస్తోంది.

ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. దాని చెయ్యి వదిలి కిటికీ దగ్గరకు వెళ్లాను. మాట్లాడి తిరిగి చూస్తే నిత్య లేదు.

వాళ్ల నాన్న దగ్గర ఉందనుకున్నాను. ఆయన నా దగ్గర ఉందనుకున్నాడు. గేటు దగ్గరి వాచ్‌మన్ పాప బయటికి రాలేదన్నాడు కానీ, నాకు నమ్మకం కుదరలేదు. ఆ గేటు దాటితే రోడ్డే, ఆగకుండా పోయే కార్లే. దాని పేరు అరుస్తూ బండ్ల వరసల మధ్య పరుగెత్తాను.

అప్పుడు వినిపించింది. టిక్, టిక్, టిక్. ఎండలో దూరం వెళ్లొచ్చిన బండిని ఆపాక ఇంజన్ చల్లారుతూ చేసే చప్పుడు. చిన్నప్పుడు వాకిట్లో ఆ చప్పుడు వినపడిందంటే మా నాన్న ఇంటికి వచ్చినట్టే. అంత భయంలోనూ నా కాళ్లు అటే తిరిగాయి.

చివరి మూలలో ఒక నల్ల బండి. మా నాన్న నడిపిన రకమే. దాని పక్కన నిత్య ఏడుపు దిగమింగుకుంటూ నిలబడి ఉంది. గట్టిగా పొదువుకున్నాను. కుడి పిక్క ఎర్రగా కమిలి ఉంది. దాని మీదుగా నీలం ఇంకు సాక్సులోకి కారుతోంది.

"బండి కాల్చిందమ్మా. ఒక తాత పెన్ను విప్పి పోశాడు. మంట తగ్గింది," అంది.

సైలెన్సర్ ముట్టుకుని చూశాను. చల్లగా ఉంది. ఆ టిక్ టిక్ కూడా ఆగిపోయింది. ఇంతలో వాచ్‌మన్ వచ్చాడు.

"దాంట్ల చుక్క పెట్రోల్ లేదమ్మా. తెచ్చినప్పటిసంది స్టార్టే చెయ్యలే," అన్నాడు.

మా ఆయన గొడవ చేస్తే కెమెరా చూపించారు. ఆ మూలకు స్తంభం అడ్డం పడింది. హాల్లోకి మేము ముగ్గురం రావడం తప్ప అందులో ఇంకేమీ లేదు.

మా నాన్న బడిపంతులు. నిత్య పుట్టకముందే పోయారు. నా చిన్నప్పుడు నేను ఆయన బండి దిగుతూ పిక్క కాల్చుకుంటే, జేబులోని పెన్ను విప్పి ఇంకంతా దాని మీద పోశారు. ఆ రోజుల్లో కాలితే అదే మందు. ఆ మచ్చ నా కుడి పిక్క మీద ఇప్పటికీ ఉంది. ఈ సంగతి నిత్యకు నేనెప్పుడూ చెప్పలేదు.

అట్నుంచి అటే మదీనాగూడలో డాక్టరమ్మ దగ్గరకు వెళ్లాం. చూడగానే సైలెన్సర్ కాలిందా అని అడిగారు. ఆ నీలం చూసి ఆవిడకు కోపం వచ్చింది. ఈ కాలంలో కూడా ఇంకు పోసేవాళ్లున్నారా, ఎవరా పని చేసింది అన్నారు. మా ఆయన నా వైపు చూశాడు. రుజువులు అడిగే నా నోరు ఆలోచించకుండానే పలికింది.

"మా నాయన."

"ఇంకోసారి ఇలా చెయ్యొద్దని ఆయనకు గట్టిగా చెప్పండి," అన్నారు. సరేనన్నాను.

నిత్య కాలు మానింది, మచ్చ మిగిలింది. ఇంకు మరక పడిన సాక్సు నా బీరువాలో ఉంది. ఆ మూలలో ఏం జరిగిందో ఎన్ని విధాల ఆలోచించినా నాకు తేలలేదు. డాక్టరమ్మ చెప్పమన్న మాట కూడా మా నాన్నకు ఇంకా చెప్పలేదు. చెప్పను కూడా.