లచ్చవ్వ ఇచ్చిన బాటిల్

సైన్యంలో పదిహేడేళ్ళు చేసి వచ్చాక, తాగునీటి పరీక్షల పనిలో నాకు పడ్డ పోస్టింగు సూర్యాపేట. మే నెల. పొద్దున ఆరున్నరకు రిపోర్టు చేశాను. తుపాకీ లేదు. ఐస్ బాక్సు, చేతి తొడుగులు, యాభై బాటిళ్ళు ఇచ్చారు. ఊరూరా తాగే నీళ్ళు పట్టి మిర్యాలగూడ ల్యాబుకు చేర్చాలి. సీసం లాంటి లోహాలు ఆవగింజలో వెయ్యో వంతున్నా అక్కడి మిషను పసిగడుతుందట. కంటికి కనపడని శత్రువంటే నాకు భలే ఆసక్తి. ఆర్డరు ఒక్కటే: బాటిల్ నా చేత్తో నేనే నింపాలి.

నాలుగో రోజు, పదకొండున్నర. తిరుమలగిరి దాటాక ఎర్రమట్టి గట్టు మీద చిన్న పల్లె. ముప్పై ఇళ్ళు, గొర్రెల మందలు, ఒకే ఒక్క బోరింగు. బోరింగు పక్కనే ఇల్లున్న లచ్చవ్వ మంచం వాల్చి, నా చేతిలో బాటిల్ లాక్కుంది.

"ఎండల మాడిపోయినవ్ బిడ్డా, కూసో. నీళ్ళు నేను పట్టుకొస్త."

నేను కూర్చున్నాను. సైన్యంలో అయితే వీపు విమానం మోత మోగేది.

మూడు రోజులకు ల్యాబు మేడం ఫోను.

"గా పల్లె నీళ్ళల్ల సీసం ఎక్కువున్నది. బోరింగుకు ఎర్ర రంగు ఎయ్యాలె."

ఎర్ర రంగంటే తాగొద్దని. వాళ్ళకు వేరే నీళ్ళు లేవు. చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ లేని సీసం ఇక్కడే ఎందుకుంది? బుర్ర తొలిచేసింది. మా జీపు నడిపే కోదాడ డ్రైవరును బండి తియ్యమన్నాను.

"మళ్ళీ అంత దూరమా అండీ? రిపోర్టు వచ్చేసిందిగా!" సణుగుతూనే తాళం తిప్పాడు.

ఈసారి బోరింగు నేనే కొట్టాను. ముందు ఎర్రగా, తర్వాత తేటగా వచ్చాయి. లచ్చవ్వ నవ్వింది.

"గా తుప్పు నీళ్ళు నీకెట్లిస్త? మొన్న బిందెల తేరినయి పోసిన."

ఇంట్లో పాత ఇత్తడి బిందె. చింతపండుతో తోమి తళతళలాడుతోంది. ఆ నీళ్ళు కూడా పట్టుకెళ్ళాను.

రెండు బాటిళ్ళ రిపోర్టులూ వచ్చాయి: బోరింగులో ఏ దోషమూ లేదు. సీసం బిందెది. పాత ఇత్తడిలో కొంత సీసం ఉంటుందట, అది నీళ్ళలోకి దిగిందట. బోరింగు బతికిందని ఎగిరి గంతేశాను. కబురు నేనే చెబుతానని పరిగెత్తాను.

లచ్చవ్వ అంతా విని బిందెను ఒళ్ళోకి తీసుకుంది.

"మా అవ్వ నా పెండ్లికి పెట్టింది బిడ్డా. నా పిల్లలందర్ని గీ నీళ్ళతోనే సాదిన. మరి గిన్నేండ్లు తాగింది ఏం గావాలె?"

గంతులేస్తూ వచ్చినందుకు సిగ్గేసింది.

జూన్‌లో డ్యూటీ ముగిసి మా ఊరు చివ్వెంల వచ్చేశాను. నీళ్ళ గ్లాసు ఎత్తితే చాలు, ఆ రోజటి లచ్చవ్వే కనపడుతుంది. వాకిట్లో బిందెలోని నీళ్ళు నేలపాలు చేస్తోంది. దాహంతో ఓ గొర్రెపిల్ల మూతి పెట్టబోతే, కాలు అడ్డం పెట్టి అవతలికి నెడుతోంది.