మావయ్యగారి కార్తీక స్నానాలు, నా జువాలజీ పాఠం

పోయినవారం కాలేజీకి ఎందుకు రాలేదని అడుగుతున్నారు కదా, వినండి. మావయ్యగారికి ఆయాసం ఎక్కువై అమలాపురం ఆసుపత్రిలో ఉన్నాం. ఇప్పుడు బానే ఉన్నారు లెండి. కానీ ఆయన్ని అక్కడిదాకా తీసుకెళ్ళింది ఒక్క ఉబ్బసమే కాదు, నేను కూడా.

ఉబ్బసం ఆయనకి పాతదే. ఒంట్లో శక్తి లేకే వస్తోందని మా ఊళ్ళో అందరూ అంటే నమ్మి, రోజూ లేహ్యం, పాలు, నెయ్యి తప్పకుండా పుచ్చుకునేవారు. దసరా సెలవుల్లో ఓ పొద్దున్న నన్ను పిలిచేరు.

"అమ్మాయ్, నువ్వు జువాలజీ చెప్తావు కదా. ఇంత తింటున్నా ఈ ఆయాసం ఎందుకు తగ్గట్లేదు?"

పాఠం అడిగితే నాకెంత హుషారో మీకు తెలుసు. రోగనిరోధక శక్తి అని ఒకటుంటుందనీ, ఉబ్బసం ఉన్నవాళ్ళలో అది దుమ్మునీ పుప్పొడినీ కూడా శత్రువులనుకుని యుద్ధానికి దిగుతుందనీ, ఆ గొడవకి గాలిగొట్టాలు వాచి, లోపల జిగురు పట్టి, చుట్టూ కండలు బిగుసుకుంటాయనీ చేతులు తిప్పుతూ చెప్పేను.

ఆయన శ్రద్ధగా విని, "అంటే ఆ శక్తి ఎక్కువైపోయే నాకీ బాధంతా" అన్నారు.

పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. నేను అటు పరిగెడుతూ "ఆయ్, అంతేనండి" అనేసేను.

కార్తీకమాసం వచ్చింది. మావయ్యగారు పొద్దున్నే కాలవ స్నానాలు మొదలెట్టేరు. ఒంటిపూట భోజనం. పాలు లేవు, నెయ్యి లేదు, లేహ్యం సీసా అటకెక్కింది. ఎప్పుడూ లేని భక్తి చూసి అత్తయ్యగారు మురిసిపోయి వీధంతా చెప్పుకున్నారు. నాన్న చిక్కిపోతున్నారేంటని మావారు అడిగితే, ఉపవాసాలు కదా అన్నాను.

నెల సగమయ్యేసరికి జలుబు పట్టుకుంది. మానమన్నా మానలేదు, తుమ్ముతూనే కాలవకి వెళ్ళేరు. ఓ పొద్దున్న తడిబట్టలతో వచ్చి అరుగు మీద కూలబడ్డారు. ఒక్క మాట పూర్తి చెయ్యడానికి ఊపిరి చాలట్లేదు. మావారు పరిగెత్తి కారు మాట్లాడుకొచ్చేరు. కొత్తపేట దాటి అమలాపురం చేరేదాకా మావయ్యగారు ముందుకి వంగి, నా చెయ్యి వదలకుండా పట్టుకున్నారు. గొట్టంలో ఏ కణం ఏం చేస్తోందో నాకు వరసగా తెలుసు. తెలిసి ఏం లాభం? ఇంకొక్క ఊపిరి, ఇంకొక్క ఊపిరి అనుకుంటూ కూర్చున్నాను.

ఆసుపత్రిలో మాస్కు పెట్టి ఆవిరిమందు పట్టేరు, ఇంజెక్షన్లు ఇచ్చేరు. మధ్యాహ్నానికి ఊపిరి కుదుటపడింది. అప్పుడు డాక్టరుగారు, ఇంత ఆయాసం పెట్టుకుని చన్నీళ్ళ స్నానాలూ ఉపవాసాలూ ఏమిటండీ, మొక్కుకున్నారా అని అడిగేరు.

మావయ్యగారు మాస్కు పక్కకి జరిపేరు. "మొక్కు కాదండి. ఒంట్లో రోగనిరోధక శక్తి ఎక్కువై ఉబ్బసం వస్తుందంట కదండీ. కాస్త నీరసపడితే అదీ తగ్గుతుందని."

"ఎవరు చెప్పేరండి మీకు?"

"మా కోడలండి. ఎమ్మెస్సీ." గర్వంగానే చెప్పేరు.

డాక్టరుగారు నావైపు చూసేరు. అత్తయ్యగారూ చూసేరు. నేను గోడ మీద కేలండరు చూసేను.

డాక్టరుగారు ఆయన పక్కనే కూర్చుని ఓపిగ్గా చెప్పేరు. శక్తి ఎక్కువవడం కాదు, దాని గురి తప్పడమట. తిండి మానేస్తే గురి కుదరదు, మనిషే నీరసపడతాడు. అసలే వాచి ఉన్న గొట్టాలు జలుబుతో ఇంకా పూడుకుపోయాయట. రోజూ పీల్చుకునే మందిస్తాను, అది ఆ వాపుని అణిచి ఉంచుతుంది, ఆయాసం లేని రోజున కూడా మానొద్దన్నారు. ఆ మాటే నేను దసరాకి చెప్పి ఉంటే సరిపోయేది.

ఇప్పుడు మావయ్యగారు పొద్దున్నా సాయంత్రం మందు పీల్చి, నోరు పుక్కిలించి, కడుపునిండా భోంచేస్తున్నారు. నామీద కోపం లేదు సరికదా, నమ్మకం కూడా తగ్గలేదు. నాకు భయం అదే. నిన్న పడక్కుర్చీలోంచి పిలిచేరు.

"అమ్మాయ్, మీ అత్తయ్యకి ఈ కీళ్ళవాతం అసలు ఎందుకొచ్చిందంటావు?"

కొందరికి అదీ ఆ రోగనిరోధక శక్తి చేసే పనే. సమాధానం నోటిదాకా వచ్చింది.

"అది మా సిలబస్‌లో లేదండి మావయ్యగారూ" అని వంటింట్లోకి వెళ్ళిపోయేను.