బిడ్డ లేని బాలింత

మా సత్యనారాయణపేట ఇంట్లో ఆ నెల ఇద్దరు కోడళ్లం ఆసుపత్రికి పోయాం. మా చిన్న తోడికోడలు మూడో కాన్పుకు పోయి మగపిల్లవాణ్ణి ఎత్తుకొచ్చింది. నేను ఏళ్ల తరబడి రక్తం పోగొట్టుకుని, చివరికి గడ్డతో పాటు గర్భసంచి కూడా తీయించుకుని, కుట్లు విప్పించుకుని, ఆపరేషనైన పన్నెండో రోజున ఒట్టి చేతులతో వచ్చాను. ఆమెకు గది, మంచం, మిరియాల చారు, తలకు నూనె, నలభై రోజుల పథ్యం. నాకు వంటింటి పక్కన చాప.

దగ్గితే కుట్లేసిన చోట పట్టేసేది. ఒంటేలుకు పోతే మంట. ఉన్నట్టుండి ముఖానికి పొయ్యి సెగ కొట్టినట్టయి, చెమటకు రవిక తడిసిపోయేది. నెలన్నర దాకా బరువెత్తకూడదని డాక్టరమ్మ మా ఆయనకు మరీ మరీ చెప్పింది. గర్భసంచి అనే మాట తల్లి ముందు పలకడానికి ఆయనకు సిగ్గట! నాతో ముగ్గురు పిల్లల్ని కన్నప్పుడు లేని సిగ్గు అప్పుడెక్కణ్ణుంచి వచ్చిందో.

పదమూడో రోజు పొద్దున్నే మా అత్త వచ్చి నిలబడింది.

“లేమ్మా. నాలుగు బిందెలు నీళ్లు చేదు. బాలింతకు కాయాల.”

“నాకు కడుపు కోసినారు అత్తా.”

“గడ్డే కదా తీసింది! నెలనెలా బాధ తప్పిపాయ, ఇంగేమి?”

లేచాను. అదే నా తప్పు. రెండో బిందెకే కళ్లు బైర్లు కమ్మాయి. కుట్ల దగ్గర చీర తడిసింది, చూస్తే రక్తం. భయమేసింది. అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది.

పసివాణ్ణి చూడ్డానికి వచ్చిన పక్కింటి కన్నడావిడ నన్ను పట్టుకుని బావి గట్టున కూర్చోబెట్టింది. “ఇవళూ బాణంతినే అల్లేనవ్వా?” అంది మా అత్తతో. ఈమె కూడా బాలింతే కదమ్మా అని.

“బాలింత అనేకి బిడ్డ యాడుండాది?” అంది మా అత్త.

పదిహేనేళ్ల కాపురంలో ఆమెకు ఎదురు చెప్పి ఎరగను. ఆ రోజు నోరు దానంతటదే తెరుచుకుంది.

“ఆస్పత్రిలో సీసాలో ఉండాది అత్తా. టెంకాయంత ఉండాదంట. పోయి తెస్తాను, తొట్లో ఏసి జోల పాడుతావా?”

చేదతాడు ఆమె చేతిలో పెట్టి, లోపలికి పోయి తోడికోడలి మంచం పక్కనే పక్క వేసుకున్నాను. నా నలభైలో మిగిలిన ఇరవై ఏడు రోజులూ ఆ గది వదల్లేదు. ఆమెను బాలింత అన్నారు, నన్ను గయ్యాళి అన్నారు. అననీ, గాయం మానింది.