స్ప్రింగోడి కాలు ఆనేదాకా

పోయిన వారం ఖమ్మం నుంచి కొత్తగూడెం వెళ్ళే బస్సులో, ఏన్కూరు దాటాక, నా వెనక సీట్లో ఎవరి ఫోన్‌లోంచో 'టొంయ్' మని ఒక చప్పుడు వచ్చింది. ఇనప స్ప్రింగును అదిమి వదిలితే వచ్చే చప్పుడుకూ, పాత మంచం మీద లావుపాటి మనిషి కూర్చుంటే వచ్చే చప్పుడుకూ మధ్యలో ఉంటుంది అది. నా రెండు బొటనవేళ్ళూ వాటంతట అవే లేచాయి. పక్కసీటాయన నేను తనను దేనికో మెచ్చుకుంటున్నాననుకున్నట్టున్నాడు, ఆయనా ఒక బొటనవేలు చూపించాడు. ఆ తర్వాత జూలూరుపాడు వచ్చేదాకా మేమిద్దరం చెరోవైపు చూస్తూ కూర్చున్నాం.

ఆ చప్పుడు ఒక ఆటలోది. ఏ దేశం వాళ్ళు చేశారో తెలియదు, డబ్బా మీద అక్షరాలు మాలో ఎవరికీ చదవడం రాదు. ఆకాశంలో తేలే ఒక రాతి అరుగు మీద ఇద్దరు కొట్టుకుంటారు. అవతలివాణ్ణి అరుగు మీంచి కిందికి తోసినవాడిది గెలుపు. అందులో ఇనప టోపీ పెట్టుకున్న పొట్టివాడొకడు ఉంటాడు. వాడికి మేం పెట్టుకున్న పేరు స్ప్రింగోడు. కింద పడిపోతున్నప్పుడు ఒక బటన్ నొక్కితే వాడి పాదాల కింద గాల్లోనే ఒక స్ప్రింగు పుట్టి, వాణ్ణి పైకి ఎగరేస్తుంది. పడ్డప్పుడల్లా ఒక్కసారే. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. స్ప్రింగు తన్నిన క్షణం నుంచి మళ్ళీ అరుగు మీద కాలు ఆనేదాకా వాడి చేతులూ కాళ్ళూ పనిచేయవు. కొట్టలేడు, కాచుకోలేడు. సంతలో కొన్న బొమ్మలాగా పైకొస్తాడు, బొమ్మలాగే దిగుతాడు. అప్పుడు అరుగు అంచున నిలబడ్డవాడు ఊరికే కాలు విదిలించినా చాలు, వాడి పని అయిపోతుంది. ఈ విద్య నాకు నేర్పింది సారక్క. నేర్పిన ఫలితం ఆమెకు దక్కలేదు, ఆ సంగతే చెప్పబోతున్నాను.

డిగ్రీ అయ్యాక రెండేళ్ళు గ్రూప్ పరీక్షలు రాసి, రెండుసార్లూ ఎవరూ తోయకుండానే కింద పడ్డ అనుభవంతో, జూలూరుపాడులో ఒక ఆఫీసుకు కంప్యూటర్ ఆపరేటర్‌గా వచ్చాను. కాంట్రాక్టు ఉద్యోగం. నాది ఎర్రుపాలెం. మా ఊరు ఆంధ్ర సరిహద్దుకు ఎంత దగ్గరంటే, నా మాట విని సారక్క మొదటిరోజే "ఏ సినిమాలకెల్లి వచ్చినవ్ తమ్మీ" అని అడిగింది. నేను కిరాయికి దిగిన గది ఆమె గేమ్ దుకాణం మీదే ఉండేది. సాయంత్రం అయిదింటికి ఆఫీసు వదిలితే ఎనిమిదింటి దాకా కింద దుకాణంలోనే ఉండేవాణ్ణి. పైన గదిలో పుస్తకాలు ఉండేవి. వాటిని ఇబ్బంది పెట్టడం నాకు ఇష్టం ఉండేది కాదు.

సారక్కకు అప్పటికి నలభై ఉంటాయి. అడవి అంచున ఉన్న ఒక కోయగూడెం ఆమెది. ఆ దుకాణంలో ఊడ్చే పనికి వచ్చింది. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చి బేరం తగ్గాక, దుకాణం పెట్టినాయన ఆట పెట్టెనూ టీవీనీ ఆమెకే వదిలేసి కొత్తగూడెం వెళ్ళిపోయాడు. కిరాయి తనే కట్టుకుంటూ ఆమె నడిపించింది. ఆటకు ఇద్దరు కావాలి. తరచుగా ఒక్కడే వచ్చేవాడు. వచ్చినవాణ్ణి తిప్పి పంపడం ఇష్టంలేక చీపురు పక్కన పెట్టి రెండో రిమోట్ పట్టుకుంది. అలా నేర్చుకుంది. నేను వెళ్ళేనాటికి ఆటో డ్రైవర్లనూ డిగ్రీ కుర్రాళ్ళనూ, ఒకసారి సెలవులో వచ్చిన జవానునూ వరసగా ఓడించి, "లెవ్వుండి, ఇంకెవరన్న ఉన్నరా" అని నెమ్మదిగా అడిగేది. అడిగేటప్పుడు నవ్వేది కాదు. అదే ఎక్కువ బాధగా ఉండేది.

మొదటి నెలంతా నేను పడుతూనే ఉన్నాను. పడగానే భయంతో బటన్ నొక్కేవాణ్ణి. స్ప్రింగు నన్ను ఎటో ఎగరేసేది, అరుగు ఇంకోవైపు ఉండేది, మళ్ళీ పడేవాణ్ణి, రెండో స్ప్రింగు లేదు. ఒకరోజు ఆమె నా బొటనవేలి మీద తన వేలు ఆనించి ఆపింది. స్ప్రింగోడు పడుతూ పడుతూ తెర అడుక్కు వెళ్ళాడు. వాడి టోపీ మాత్రమే కనబడుతోంది. అప్పుడు వేలు తీసింది. నొక్కాను. వాడు సరిగ్గా అరుగు మధ్యలో దిగాడు.

"పడంగనే ఒత్తకు," అంది. "ముందుగాల ఏడ దిగాల్నో సూస్కో. ఎగిరినంక నీ చేతుల ఏముండది."

కొత్త ఉద్యోగ ప్రకటనలు వరసగా వచ్చిన ఒక వారంలో ఆ మాట మళ్ళీ అంది. నేను కనబడ్డ ప్రతి నోటిఫికేషన్‌కూ దరఖాస్తు పెట్టేస్తున్నాను. అటవీశాఖ, జైళ్ళు, కోర్టు, చేపల శాఖ. నాకు ఈత రాదు, అది వేరే సంగతి. ఆమె నా ఫోన్ తీసి ఆ జాబితా చూపించమంది, చూసింది, చేపల దగ్గర ఆగింది, నా ముఖం చూసింది, ఫోన్ తిరిగి ఇచ్చేసింది. నేను మిగతావి మానేసి ఒక్కదానికే చదివాను. ఇప్పుడు చేస్తున్నది ఆ ఉద్యోగమే. దీన్ని గురువుల మహిమ అంటూ రాస్తే ఆమె తిడుతుంది కాబట్టి ఇక్కడితో ఆపుతాను.

ఆ దుకాణంలో ఒక రూలు ఉండేది. స్ప్రింగు మీద పైకొస్తున్నవాణ్ణి కొట్టకూడదు. వాడి కాలు అరుగుకు ఆనేదాకా ఆగాలి. అంతేకాదు, అంచున నిలబడ్డవాడు ఒక అడుగు వెనక్కి వేసి వాడికి దిగే చోటు ఇవ్వాలి. కాలు ఆనాక ఎంతైనా కొట్టుకోవచ్చు. ఒకసారి నర్సింహ అనే ఆటో డ్రైవరు, కొత్తగా వచ్చినవాడు, గాల్లో ఉన్న నన్ను ఒక్క తన్ను తన్ని చప్పట్లు కొట్టాడు. సారక్క లేచి టీవీ ఆపేసింది.

"గేమ్‌ల ఉన్నది గదక్కా తన్నుడు," అన్నాడు నర్సింహ.

"గేమ్‌ల ఉన్నది. నా దుకాణంల లేదు."

ఆ రూలును ఎగతాళి చేసినవాళ్ళలో నాది మొదటి స్థానం. ఇది యుద్ధమా, పెళ్ళివారి విడిదా అని అడిగేవాణ్ణి. రండి రండి, జాగ్రత్తగా దిగండి, కాళ్ళు కడుక్కోండి, తర్వాత తన్నుకుందాం అనేవాణ్ణి. ఆమె పట్టించుకునేది కాదు. ఒక సాయంత్రం ఎవరూ లేనప్పుడు, రిమోట్ బటన్ల సందుల్లో మురికిని అగ్గిపుల్లతో తీస్తూ, అడగకుండానే చెప్పింది. వాళ్ళ గూడెంలో ఎవరైనా కల్లు కోసం జీలుగు చెట్టు ఎక్కితే కిందున్నవాళ్ళు వాళ్ళను పిలవరు, పలకరించరు. కాలు నేలకు ఆనాకే మాట. ఆమెకు పదేళ్ళప్పుడు వాళ్ళ నాన్న కల్లు దించడానికి చెట్టెక్కాడు. ఈమె ఇంటి దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చి "అయ్యా" అని పిలిచింది. మేక ఈనింది, రెండు పిల్లలు. ఆ ముచ్చట చెప్పాలని. ఆయన ఎవరో అని వంగి చూశాడు.

"బతికిండు," అంది సారక్క. "మల్ల ఎక్కలే. కాలు వంకర వోయింది. నన్నైతే ఒక్క మాట అన్లే."

నేను జోకు వేయకుండా రెండో రిమోట్ తీసుకుని తుడవడం మొదలుపెట్టాను. నా జీవితంలో అలాంటి సందర్భాలు తక్కువ.

ఆ చలికాలంలో ఆట పెట్టె మొరాయించడం మొదలుపెట్టింది. గంట ఆడితే కాలిపోయేది. సారక్క దానికి ఒక టేబుల్ ఫ్యాను కేటాయించింది, తను దోమలను విసనకర్రతో తోలుకుంది. ఖమ్మంలో బాగుచేసే అతను లోపలి బోర్డు పోయిందనీ, ఎండాకాలం చూడదనీ చెప్పాడు. కొత్తది కొనే స్తోమత ఆమెకు లేదు. పెట్టె పోతే దుకాణం పోతుంది. దుకాణం పోతే మళ్ళీ మిరపతోటల్లో కూలికి పోవాలి. మిరపకాయ ఏరిన చేతులు మూడు రోజులు మండుతాయనీ, అన్నం కూడా కలుపుకోనివ్వవనీ ఆమె చెప్పేది. ఫిర్యాదులాగా కాదు, బస్సు వేళ చెప్పినట్టు చెప్పేది.

సరిగ్గా అప్పుడే ఖమ్మంలో ఒక కంప్యూటర్ శిక్షణ కేంద్రం వాళ్ళు ఇదే ఆటకు పోటీ పెట్టారు. మొదటి బహుమతి కొత్త ఆట పెట్టె. పాతికేళ్ళు దాటినవాళ్ళకు ప్రవేశం లేదు. నాకు ఇరవై నాలుగు. ఆ విధంగా మండలంలో అందరికన్నా బాగా ఆడే మనిషి ప్రేక్షకురాలయింది, ఆమె చేతిలో రోజూ ఓడిపోయేవాడు ఆటగాడయ్యాడు. నెలరోజులు నన్ను కూర్చోబెట్టి ఆడించింది. పెట్టె వేడెక్కినప్పుడు ఆపి, చల్లారాక మళ్ళీ మొదలుపెట్టించేది.

వెళ్ళేరోజు బస్సులో ఆమె ఒకటే మాట చెప్పింది. "అక్కడ మన రూలు నడువది. పైకొచ్చేటోన్ని కొట్టు. ఇడువకు."

నీ రూలు నేనెప్పుడు నమ్మాను కనక అక్కా, ఆ విషయంలో నిశ్చింతగా ఉండు అని అభయం ఇచ్చాను. ఆమె తల ఊపింది. ఇద్దరం నిజమే చెప్పుకుంటున్నామని ఇద్దరమూ అనుకున్నాం.

నా స్థాయికి మించి ఆడాను. మూడు ఆటలు గెలిచి ఫైనల్‌కు వచ్చాను. అవతల ఒక ఇంజనీరింగ్ కుర్రాడు, టోపీ తిప్పి పెట్టుకున్నాడు. అతనూ స్ప్రింగోణ్ణే ఎంచుకున్నాడు. తిరిగి పైకి రాలేకుండా మూడుసార్లు పడ్డవాడు ఓడినట్టు. ఇద్దరం రెండేసిసార్లు పడ్డాం. సారక్క నా వెనక ప్లాస్టిక్ కుర్చీలో, ఒడిలో సంచీతో, కొంగు నిండుగా కప్పుకుని కూర్చుంది. ఆ హాల్లో ఆమె ఎవరి తల్లో అని అందరూ అనుకుంటున్నారు.

అంచు దగ్గర ఒక గుద్దు గుద్దాను. అతను పడ్డాడు. పడగానే కంగారుపడి నొక్కాడు. ఆ తప్పు నాకు బాగా తెలుసు. స్ప్రింగు అతణ్ణి సరిగ్గా నా కాళ్ళ ముందుకు తెచ్చింది. చేతులు లేవు, కాళ్ళు లేవు, ఇనప టోపీ పెట్టుకుని అమాయకంగా పైకొస్తున్నాడు. ఒక్క తన్ను. వెనక నుంచి సారక్క గొంతు వినిపించింది, పక్కవాడికి కూడా వినపడనంత మెల్లగా. "కొట్టు."

నా బొటనవేలు బటన్ మీదే ఉంది. మరచిపోలేదు, జాలిపడలేదు, పెద్ద ఆలోచన ఏదీ రాలేదు. నా స్ప్రింగోడు ఒక అడుగు వెనక్కి వేశాడు. అతనికి దిగే చోటు ఇచ్చాడు. అలా వేయించింది నా వేళ్ళే కాబట్టి నేరం ఇంకొకరి మీద పెట్టలేను. అతను దిగాడు. దిగిన మరుక్షణం నన్ను పట్టి విసిరాడు. నేను నిదానంగా పడ్డాను. టోపీ మాత్రమే కనబడేదాకా ఆగాను. నేర్చుకున్నట్టే సమయం చూసి నొక్కాను. చాలా చక్కగా లేచాను. అతను అంచున కాలెత్తి నా కోసం ఎదురుచూస్తున్నాడు.

తర్వాత ఆ కుర్రాడే వచ్చి, ఎందుకు వదిలేశావన్నా అని మర్యాదగా అడిగాడు. బటన్ పట్టేసింది అన్నాను. రెండో బహుమతి కింద ఒక హెడ్‌ఫోను, నా పేరు తప్పుగా రాసిన ఒక సర్టిఫికెట్ ఇచ్చారు.

తిరుగు బస్సు తనికెళ్ళ దాటింది. కావాలని చేయలేదక్కా అన్నాను.

"ఎరుకే. కావాల్నని చేస్తే తిడ్తుంటి." ఒడిలో సంచీ సర్దుకుంది. "గేమ్ గెల్వమని తోలితే, మా అయ్యను చెట్టు దించి వచ్చినవ్."

అది మెచ్చుకోలో దెప్పో నాకు అప్పుడు తెలియలేదు. ఇప్పుడూ తెలియదు. ఆ తర్వాత పొద్దుట్నుంచి ఏమైనా తిన్నావా అని అడిగి, సంచీలోంచి రెండు అరటిపళ్ళు తీసి ఇచ్చింది. నేను తింటుంటే తను తినలేదు.

మాఘమాసం దాటక ముందే, నర్సింహ ఆడుతుండగా, తెర నీలంగా మారి అలాగే ఉండిపోయింది. ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉంది. సారక్క వైర్లన్నీ పీకి, ఒక్కొక్కటీ చుట్ట చుట్టి దారంతో కట్టింది. పై వారం నుంచి మిరపతోటకు పోయింది. ఒక సాయంత్రం ట్రాలీ ఆటోలోంచి దిగుతుంటే చూశాను. రెండు చేతులూ ఒంటికి తగలకుండా దూరంగా పట్టుకుని, వేరెవరివో చేతులు మోసుకొస్తున్నట్టు నడిచి వస్తోంది. నేను ఏదో అనబోయాను.

"మండుతున్నయ్ తమ్మీ," అంది. "రేపు మాట్లాడుదాం."

ఇప్పుడు ఆమె తమ్ముడి ఇంటి పక్కనే, గూడెంలో ఉంటోంది. పత్తి వేస్తోంది. ఫోన్ చేస్తే వానల గురించి మాట్లాడుతుంది, ఆట గురించి ఎత్తదు. నేనూ ఎత్తను.

నాది ఇప్పుడు అర్జీలు తీసుకునే కౌంటర్. వచ్చినవాళ్ళు చాలామంది చెప్పవలసింది ఇంటి దగ్గర బాగా కూడబలుక్కుని వస్తారు, నా ముందుకు రాగానే సగంలో ఆగిపోతారు. భూమి సర్వే నంబరో, చనిపోయిన భర్త పేరో నోటిదాకా వచ్చి నిలిచిపోతుంది. ఆ క్షణంలో నేను మాట్లాడను. కాగితం లాక్కోను, తర్వాతివాళ్ళను పిలవను. కుర్చీని కొంచెం వెనక్కి జరుపుకుని కూర్చుంటాను. నా కౌంటర్ దగ్గర వరస కదలదని పై అధికారి రెండుసార్లు రాతపూర్వకంగా అడిగారు. పని ఒత్తిడి అని జవాబు రాశాను. మొన్న ఒక ముసలాయన మాట దొరికి, చెప్పవలసింది చెప్పేసి, వెళ్తూ వెళ్తూ నేను మంచివాణ్ణని అన్నాడు. నాకు ఇబ్బందిగా అనిపించింది. మిరపతోట నుంచి అలా చేతులు పట్టుకుని నడిచివచ్చిన మనిషిని ఆయన చూడలేదు.