కారులో ఉప్పు మూటలు

డెబ్బైల చివర్లో నేను ఒక అరబ్బు దేశంలో, రైసూత్ రేవులో పనిచేసేవాణ్ణి. సలాలాలో అద్దె ఇల్లు, ఒక పాత జపాన్ కారు. కారు కొనడం ఒక్కరోజు పని. ఆ తర్వాత టైర్లు, బ్యాటరీ, ఇన్సూరెన్సు అంటూ అదే మనల్ని కొనుక్కుంటుంది. సముద్రపు గాలికి అడుగురేకు తుప్పు పడుతుంది, తారు పూయించుకొమ్మని ఆఫీసులో అందరూ చెప్పారు. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడే రకాన్ని నేను. వచ్చే నెల చూద్దాంలే అంటూ రెండేళ్ళు గడిపేశాను.

అక్కడా ఖరీఫ్ అంటారు. పంట కాదు, మూడు నెలల ముసురు. గోడలు చెమ్మగిల్లేవి, అగ్గిపుల్ల వెలిగేది కాదు. ఎడారి దేశానికి వచ్చి బట్టలు ఆరక ఏడవడం మా రాత.

ఆ ముసురులోనే ఒక ఉదయం నా భార్య కారెక్కి కూర్చోగానే ఆమె కాళ్ళ కింద రేకు విరిగి కుంగింది. సందులోంచి రోడ్డు కనిపించింది. మెల్లగా వర్క్‌షాపుకు తీసుకెళ్ళాం. అక్కడి వెల్డరు కరీంనగర్ వైపు మనిషి. రబ్బరు మ్యాట్ ఎత్తి చాలాసేపు చూశాడు.

"సార్, గిది సముద్రం తిన్నది గాదు. లోపటికెల్లి తిన్నది," అన్నాడు.

మ్యాట్ కింద నుంచి నల్లగుడ్డ మూటలు తీసి నా చేతిలో పెట్టాడు. ఆరో ఏడో ఉన్నాయి. అన్నిట్లోనూ కరిగి ముద్దయిన రాళ్ళ ఉప్పు.

నా భార్య తల దించుకుంది. దిష్టి తీసిన ఉప్పును నీళ్ళలో వేస్తారు, అది కరిగితే దిష్టి కరిగినట్టు. ఈవిడ మూటగట్టి తన సీటు ముందు దాచింది. ముసురుకి నాలుగు రోజుల్లోనే కరిగేది. ఇంత తొందరగా కరుగుతోందంటే ఎంత దిష్టి ఉందోనని భయపడి మరో మూట పెట్టేది.

నాకు ఒళ్ళు మండింది. తారు పూయించని తప్పు నాదేనని లోపల తెలుసు గనక మరీ మండింది. వెల్డరు ముందే అరిచాను.

"చదువుకున్నదానివి, బంగారంలాంటి బండికి ఉప్పుపాతర వేశావు కదే."

వెల్డరు "చాయ్ తాగొస్త సార్" అని బయటికి వెళ్ళిపోయాడు. మర్యాద తెలిసినవాడు.

"బండికి కాదండీ," అంది ఆమె మెల్లగా. "నాకు మూడో నెల. నలుగురి కళ్ళూ పడేది ఇందులో వెళ్ళేటప్పుడేగా. ఇంతకుముందు రెండుసార్లూ నోరు విప్పి చెప్పాకే కడుపు పోయింది. ఈసారి ఎవరికీ చెప్పకూడదనుకున్నాను, మీక్కూడా."

నాకు సిగ్గేసింది. టాక్సీలో ఇంటికి వెళ్ళాం. దారంతా ఆమె పొట్టమీద చేయి వేసుకుని కూర్చుంది.

తొమ్మిదో రోజున అదీ పోయింది. కారణం డాక్టరుకూ తెలియలేదు. దిష్టి మీద నాకు అప్పుడూ నమ్మకం లేదు, ఇప్పుడూ లేదు. ఆసుపత్రి మంచం మీద ఆమె నా చేయి పట్టుకుని, "మీకు చెప్పకుండా ఉండాల్సిందండీ," అంది. ఆ గొంతులో నా మీద నింద లేదు, తనను తానే తిట్టుకుంటోంది. ఆమెచేత చెప్పించింది నా అరుపే.