రాజు కోట, బాపు బండి

శాతవాహనుల తొలి రాజు గోదావరి ఒడ్డు నుంచి బయల్దేరి, నది దాటి, పడమటి దేశాలు గెలుచుకుంటూ పైఠాన్ దాకా వెళ్లాడని ఒక వాదన ఉంది. ఆ రాజు వెళ్లిన దారిలో ఒక రోజు బస్సు యాత్ర అంటూ కరీంనగర్‌లో మా బడి గోడకు కాగితం అంటించారు. చూసిన వెంటనే రెండు సీట్లు చెప్పేశాను. ఒకటి నాకు, ఒకటి మా నాన్నకు. మేం బాపు అంటాం. నేను సోషల్ టీచర్‌ను. ఇరవై ఎనిమిదేళ్లుగా శాతవాహనులను నాలుగు మార్కుల ప్రశ్నగా చెబుతున్నాను. బాపు ఎనభై దాటిన రైతు. మోకాళ్లు మొరాయించాక సేద్యం మానేసి నా దగ్గరికి వచ్చాడు. ఆయన ఊరు గోదావరి ఒడ్డున కోటిలింగాల పక్కనే. యాత్రలో రాజు పుట్టిల్లని చూపించబోయేది ఆయన ఎడ్లు మేపిన జాగానే. ఆ సంగతి నలుగురిలో తెలిస్తే బాపు ఛాతీ ఉబ్బుతుందని నా ఆశ. కానీ ఆ మధ్యాహ్నం మా బాపు, తాను దొంగనా అని నన్ను అడిగాడు. ఆయన నోట ఆ మాట వచ్చేలా చేసింది నేనే.

మాఘమాసం చలి ఇంకా వదల్లేదు. బస్సులో ముప్పై మందిమి ఉన్నాం. మా గైడు సారు పదవీ విరమణ చేసిన కాలేజీ లెక్చరర్. చేతిలో సన్నటి వెదురు కర్ర, భుజాన సంచి, సంచిలో పాత నాణేల ఫొటోలు. మైకు లేకపోయినా ఆయన గొంతు చివరి సీటు దాకా వినిపించేది.

"ఇయ్యాల మనం యాత్రికులం కాదు, రాజుగారి సైన్యం. ఎవరూ వెనకవడొద్దు" అన్నాడు. బస్సంతా నవ్వింది. నాకు మాత్రం చిరాకేసింది. సోషల్ పాఠం నాకంటే బాగా చెప్పేవాళ్లను చూస్తే నాకు మొదటి గంట చిరాకే. ఆ తర్వాత సర్దుకుంటుంది.

మా పక్క సీట్లో గోదావరిఖని నుంచి వచ్చిన పెద్దమనిషి కూర్చున్నాడు. బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడట. "ముప్పై ఏండ్లు భూమి కిందనే బతికిన. గీ సారు భూమి మీద ఏం చూపిస్తడో చూద్దామని వచ్చిన" అని బాపుతో అన్నాడు. బాయి ఎంత లోతు, కింద నీళ్లు ఊరితే ఏం చేస్తారు అని బాపు అడగడం మొదలుపెట్టాడు. ఇద్దరూ అరగంటలో పాత దోస్తుల్లా అయిపోయారు.

ముందు ధూళికట్టలో ఆగాం. అక్కడ బౌద్ధ స్తూపం మిగిలింది. గుండ్రటి ఇటుక కట్టడం, దాని చుట్టూ ఆనించిన సున్నపురాతి పలకలు. చుట్టూ చేలు, దూరంగా ఎవరో మోటరు వేసిన చప్పుడు. ఇంత పెద్దదాన్ని ఇంత మారుమూల ఎవరు కట్టారు అని నన్ను నేనే అడిగి, వెంటనే నాలుక కరుచుకున్నాను. మారుమూల అయింది మనకు. వాళ్లకు ఇది నడిబజారు. గైడు సారు వెదురు కర్రతో గాలిలో గీత గీసి, ఇటు నుంచి వర్తకులు వచ్చేవారు, అటు భిక్షువులు ఉండేవారు అని చెబుతుంటే ఆ ఖాళీ చేలలో జనం కనిపించినట్టే అయింది. బాపు చెప్పులు విప్పి, ఒక పలక మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డాడు.

"ఏంది బాపు?" అన్నాను.

"సల్లగున్నది బిడ్డా. గింత ఎండ వడ్డంక గూడ సల్లగనే ఉన్నది" అన్నాడు.

అక్కడి నుంచి కోటిలింగాలకు వెళ్లే దారంతా బాపు కిటికీకి అతుక్కుపోయాడు. పత్తి లారీలు పోయిన దారిలో తుమ్మకొమ్మలకు దూది పోగులు వేలాడుతున్నాయి. తన ఊరి పొలిమేర వచ్చేసరికి, ఫలానా మలుపులో ఎద్దు కాలు విరిగిందని, ఫలానా గట్టు మీద సద్ది తినేవాళ్లమని బొగ్గుబాయి పెద్దమనిషికి చెబుతూనే ఉన్నాడు. నేను మనసులోనే మురిసిపోయాను.

కోటిలింగాలలో బస్సు దిగి దిబ్బ ఎక్కాం. ఎదురుగా గోదావరి. ఏ కాలంలో చూసినా ఆ నది నా మాటను మింగేస్తుంది. కింద ప్రాజెక్టు కట్టాక నీళ్లు వెనక్కి తన్ని ఇంకా వెడల్పయింది. అవతల ఆదిలాబాద్ వైపు గుట్టలు నీలంగా కనిపిస్తున్నాయి. కాళ్ల కింద ఎక్కడ చూసినా పెంకులే. నల్లవి, ఎర్రవి, అంచు తీరినవి. ఒక్క పెంకు తొక్కకుండా అడుగు వేద్దామని చూశాను, కుదరలేదు. ఎవరి వంటింటి మీదో నడుస్తున్నామని భయం లాంటిది కలిగింది.

"రాజు ఇక్కడి నుంచే పడవలెక్కిండు అనుకోండి. ఏనుగులు ఈదుకుంట పోయి ఉంటయి. మనం గూడ ఇక్కడే పడవెక్కుదాం. బస్సు రాయపట్నం వంతెన మీంచి చుట్టు తిరిగి అవతలి ఒడ్డుకు వస్తది" అన్నాడు గైడు సారు. పిల్లలూ పెద్దలూ చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లు ఆగాక ఆయన గొంతు మారింది. "ఈ దిబ్బ ఇంతకు రెండింతలు ఉండేదట. మిగతాది ఏమైందో తెలుసా? ఎడ్లబండ్ల మీద పోయింది. చుట్టుపక్కల రైతులు తవ్వి పొలాలకు తోలుకున్నరు. ఏ శత్రువూ కూలగొట్టని కోటను గంపలు, పారలు ఖతం చేసినయ్" అన్నాడు. ఆయన కళ్లల్లో నిజంగానే బాధ ఉంది. "మీలో ఈ చుట్టుపక్కలోళ్లు ఎవరన్న ఉన్నరా?" అని అడిగాడు.

నేను నా చెప్పు వైపు చూసుకున్నాను.

మా వైపు పాత ఊరు కూలి మట్టిలో కలిసిన చోటును పాటి అంటారు. అక్కడి మన్ను బూడిద రంగులో, పొడిపొడిగా ఉంటుంది. ఎన్నో తరాల పొయ్యి బూడిద, పశువుల పేడ, తిని పారేసినవన్నీ అందులో కలిసి ఉంటాయి. పొలానికి దాన్ని మించిన ఎరువు లేదు. ఎండాకాలం వచ్చిందంటే ఊళ్లో బండి ఉన్న ప్రతి ఇల్లూ పాటి మన్ను తోలేది. మా బాపుకు బండి ఉంది, మంచి ఎడ్లు ఉన్నాయి. చిన్నప్పుడు ఆ బండి మీద కూర్చుని నేనూ వచ్చేదాన్ని. అది కోట అని ఊళ్లో ఎవరికీ తెలియదు. తెలిశాక, అంటే నేను టీచర్‌నయ్యాక, ఈ మాట బాపుకు చెప్పలేదు. రైతులు తెలియక తవ్వేశారని క్లాసులో పిల్లలకు మాత్రం చెప్పాను. ఆ రైతుల్లో ఒకరి ఇంట్లో పుట్టానని వాళ్లకూ చెప్పలేదు.

బాపు నా మోచెయ్యి పట్టుకొని పక్కకు తీసుకెళ్లాడు.

"బిడ్డా, సారు చెప్పేది గీ దిబ్బ ముచ్చటేనా?"

"అవు బాపు."

"మరి నేను ఎన్ని ఎండకాలాలు తోలిన్నో నీకు ఎరికే గదా. అయితే నేను రాజు కోటను దొంగతనం చేసినట్టేనా?"

"ఊకో బాపు. ఎవలన్న వింటరు" అన్నాను.

ఈ మాట ఎందుకు అన్నానో ఇప్పటికీ నాకు నేను చెప్పుకోలేను. కాదు బాపు అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆయన తల ఆడించి, నా మోచెయ్యి వదిలేశాడు.

గైడు సారు అందరినీ దిబ్బ అంచుకు నడిపించాడు. అక్కడ పొదల వెనక పెద్ద ఇటుకల వరుస ఉంది. మోకాలెత్తు, పది అడుగుల పొడవు. ఒక్కో ఇటుక మూరెడు పొడుగు, జానెడు వెడల్పు. "మిగిలింది గిదొక్కటే. కోట గోడ. రెండు వేల ఏండ్ల నుంచి గిట్లనే నిలవడ్డది" అన్నాడు సారు. ఒకావిడ వంగి గోడకు మొక్కింది. కొందరు ఫోన్లు తీసి, మళ్లీ జేబుల్లో పెట్టేసుకున్నారు. అవమానంతో ముడుచుకుపోయి ఉన్న నాక్కూడా ఆ గోడ ముందు మిగతావన్నీ చిన్నవైపోయాయి.

బొగ్గుబాయి పెద్దమనిషి మాత్రం గొంతుక్కూర్చుని గోడ అడుగున వేలు పెట్టి గీకాడు. "సారూ, ఏమనుకోకుండ్రి. దీనికి పునాది లేదు. గిది ఎవలో మీద మీద పేర్చింది" అన్నాడు.

"మీరు బొగ్గు చూసిండ్రు, ఇటుక కాదు" అన్నాడు సారు, కొంచెం కరుకుగా.

"గాయన చెప్పేది నిజమే సారు. గిది నేను పేర్చిన" అన్నాడు బాపు.

నేను ఆపుదామనుకునే లోపే ఆయన ముందుకు వెళ్లిపోయాడు. గుంపు దారి ఇచ్చింది. గైడు సారు కర్ర నేలకు ఆనించి బాపు వైపు చూశాడు. పిల్లలకు తప్పు చెప్పి దొరికిపోయినప్పుడు నా ముఖం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆయన ముఖం అలా ఉంది.

"మీరు అన్నరు గదా, రైతులు మన్ను తోలిండ్రని. నేను తోలిన. మా ఊరోళ్లందరం తోలినం. మన్ను తీస్తాంటే ఇటుకలు బయటికి వెళ్లేటియి. తలా కొన్ని ఇండ్లకు తీస్కపోయిండ్రు. నేను గూడ బండిల ఏసుకున్న. గప్పుడు ఒక ఇటుక తిర్లేసి చూస్తే దాని మీద చేతి వేళ్ల గీతలున్నయ్."

"ఏం గీతలు?" అన్నాడు సారు.

"పచ్చి ఇటుక మీద ఎవలో చెయ్యి గుంజిండు సారు. నాలుగు వేళ్లు. నా వేళ్లు పెడితే సరింగ పట్టినయ్. నాకు జర భయమైంది. గిది రాజుదా ఎవలదా నాకేమెర్క? ఒక మనిషి చెయ్యి పెట్టినదాన్ని కొంటవోయి పసుల కొట్టంకు గోడ ఎట్ల పెట్టాలె? బండిల ఉన్నయన్ని దించిన. గడ్డపార తగల్తే లోపటి పాత గోడల ఇటుకలు ఎట్ల పెట్టి ఉన్నయో చూసిన. ఒకటి నిలువు, ఒకటి అడ్డం. అట్లనే పేర్చి పెట్టిన. తర్వాత వెళ్లినయి గూడ నేను ఈడనే పెట్టుకుంట వచ్చిన. మన్ను మాత్రం తోలిన. అది అబద్ధం చెప్ప."

గైడు సారు కర్ర కింద పెట్టేశాడు. "గా ఇటుక ఉన్నదా?" అన్నాడు.

బాపు మోకాళ్ల నొప్పితోనే కింద కూర్చున్నాడు. బొగ్గుబాయి పెద్దమనిషి పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ పై వరుసలో ఒక్కో ఇటుకా పసిబిడ్డను ఎత్తినట్టు పైలంగా ఎత్తి, చూసి, మళ్లీ ఎక్కడిదక్కడ పెట్టారు. ఎనిమిదో తొమ్మిదో ఇటుక దగ్గర బాపు ఆగి, దాని మీది మట్టిని కండువాతో తుడిచాడు.

నాలుగు గీతలు. మొదట్లో లోతుగా, పోను పోను తేలిగ్గా, చివర కొంచెం వంపు తిరిగి. పని అయిపోయిన మనిషి తడి ఇటుక మీద చెయ్యి అలా ఒకసారి లాగి, లేచి వెళ్లిపోయి ఉంటాడు. ఆ పూట ఏం తిన్నాడో, ఎవరి మీద కోపంగా ఉన్నాడో. మధ్యలో రెండు వేల ఏళ్లు ఉన్నాయంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. గైడు సారు తన వేళ్లు పెట్టి చూశాడు. తర్వాత బొగ్గుబాయి పెద్దమనిషి. ఆ తర్వాత అందరూ ఒకరి వెనక ఒకరు, గుళ్లో తీర్థానికి నిలబడ్డట్టు వరుసగా వచ్చారు. ఒడ్డున పడవ మనిషి రెండుసార్లు కేకేశాడు. ఎవరూ కదల్లేదు.

సారు లేచి బాపుకు దండం పెట్టాడు. "కోట గోడ అని ఇన్నేండ్లు తప్పు చెప్పిన. ఇప్పటి నుంచి మీరు పేర్చిండ్రని చెప్త. కానీ పెద్దాయనా, నేను ఉత్తగ మంచిగ మాట్లాడ. మన్నుతోని చానా పోయింది. మళ్లా రాదు."

"గదే సారు నేను అడిగేది" అన్నాడు బాపు. "మన్ను తోలినందుకు నేను దొంగనా, కాదా?"

సారు వంగి, కింద పెట్టిన కర్ర అందుకున్నాడు. అవునని అనలేడు, కాదని అబద్ధమాడలేడు. ముప్పై మంది ముందు బాపు నిలబడి ఉన్నాడు. మా పొలంలో ఆ మన్ను పడ్డ చోట వరి నడుమెత్తు లేచేది. ఆ వడ్లు పండినన్నేళ్లూ బాపు నన్ను బడి మాన్పించలేదు. మా ఊళ్లో నాతో పాటు చదివిన ఆడపిల్లలందరూ ఏడో తరగతితో ఆగిపోతే, నేను కరీంనగర్ హాస్టల్‌కు ట్రంకు పెట్టెతో వెళ్లాను. ఆ చదువుతోనే పిల్లలకు శాతవాహనుల పాఠం చెప్పాను. రైతులు కోటను తవ్వేశారని ఆ చదువుతోనే చెప్పాను.

ఏడుపు వచ్చేసింది. దాచుకోలేదు.

"సారూ, ఈ చుట్టుపక్కలోళ్లు ఎవరన్న ఉన్నరా అని అడిగిండ్రు గదా. మేమున్నం. గీయన మా బాపు" అన్నాను. తర్వాత బాపు దగ్గరికి వెళ్లి, మట్టి అంటిన ఆ చెయ్యి పట్టుకున్నాను.

"అది దొంగతనమే అయితే, గా సొమ్మంత నా దగ్గరనే ఉన్నది బాపు. నా సదువు గా మన్నుదే."

బాపు నా ముఖంలోకి చూశాడు. చిన్నప్పుడు పరీక్ష ఎలా రాశానో కనిపెట్టడానికి చూసినట్టు, తొందరేమీ లేకుండా చూశాడు.

"అయితే పైలంగ ఉంచుకో బిడ్డా" అన్నాడు.