మూడు చుక్కల రెక్క

తూకమక్క గురించి ఆ సందులో ఒక మాట ఉంది. కెమెరా డ్రోన్ల రెక్కలు ఆమెకిస్తే నాలుగింటిలో మూడింటిని చక్కగా తూచి, నాలుగోదానిలో చీమ తలంత బరువు కావాలనే వదిలేస్తుందట. అప్పుడు పైకెగిరిన డ్రోను సన్నగా వణుకుతుంది. తీసిన బొమ్మ నీళ్లలో నీడలా అలలు అలలుగా ఊగుతుంది. ఇచ్చినవాళ్లు చచ్చినట్టు మళ్లీ ఆమె గుమ్మం ఎక్కుతారు. "బేరం ఎలా నిలబెట్టుకోవాలో ఆవిడ దగ్గర నేర్చుకోవాలి" అని పక్క కొట్లో బ్యాటరీలు అమ్మే బాబాయి కొత్తవాళ్లకు చెబుతుంటాడు. చెప్పి, వెళ్లి ఆమె దగ్గరే టీ తాగుతాడు.

ఆ మాట ఊరికే పుట్టలేదు. ఒకే సెట్టు రెక్కలు మూడుసార్లు తిరిగి రావడం సందంతా చూసింది.

ఆమె కొట్టు ఒకప్పుడు వాళ్ల నాన్న సైకిలు రిపేరు కొట్టు. చక్రాన్ని తిప్పి, అది ఎక్కడ బ్రేకు రబ్బరుకు రాసుకుంటోందో కళ్లు చికిలించి చూసి, వంకర తీసేవాడాయన. పక్కన కూర్చుని చూసీ చూసీ కూతురికి కన్ను కుదిరింది. తల్లిదండ్రులు ఒకరి వెనక ఒకరు పోయాక, ఆమే తమ్ముణ్ణి పెంచింది. వాడికి జడ వేయడం ఒక్కటే తక్కువ, తక్కినవన్నీ చేసింది. పెద్దయ్యాక తమ్ముడు పాత డ్రోను ఒకటి ఎక్కణ్ణుంచో పట్టుకొచ్చి, బొమ్మ వణుకుతోందని తల పట్టుకు కూర్చుంటే, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "రెక్క ఒకటి ఒక పక్కకి వాలుతోందిరా" అంది. అలా మొదలైంది పని. తొమ్మిదేళ్లు గడిచాయి.

పని చూడడానికి ఏమీ ఉండదు. రెండు అయస్కాంతాల మధ్య ఒక సన్నటి ఉక్కు కడ్డీ ఆనీ ఆననట్టు నిలబడుతుంది. దానికి రెక్క తగిలించి వదలాలి. ఒక్కో రెక్కకు అటూ ఇటూ రెండు చేతులుంటాయి. ఏ చేయి బరువైతే అది కిందికి దిగుతుంది. దిగిన చేతిని అడుగు పక్కన సన్నటి గరుకు కాగితంతో రెండు సార్లు రుద్దాలి, లేదా తేలిపోయిన చేతికి గోరంత టేపు అంటించాలి. మళ్లీ వదలాలి. ఎక్కడ ఆపితే అక్కడే ఆగిపోయే దాకా ఇదే పని. అయితే గాలి ఉండకూడదు. మండుటెండలో కూడా ఫ్యాను తిరగదు, కిటికీ తెరుచుకోదు, కిటికీ సందుల్లో పాత కాగితాలు కుక్కి ఉంటాయి. ఎవరైనా నోరు తెరిచి మాట్లాడితే ఆ ఊపిరికే రెక్క కదులుతుంది. అందుకే గుమ్మం పైన ఒక పలక వేలాడుతుంటుంది: "లోపల మాట్లాడకండి. గాలి." ఆ 'గాలి' మాత్రం పెద్ద అక్షరాల్లో ఉంటుంది. రాసింది తమ్ముడు. వాడి చేతిరాత ముత్యాల్లా ఉంటుంది.

ఆమె మొగుడు ప్రెస్సులో పుస్తకాలు కుట్టే పని చేస్తాడు. "ఊళ్లో ఏ ఆడదైనా మొగుణ్ణి నోరు మూసుకోమంటే తిట్టంటారు, మా ఆవిడది వృత్తి" అంటాడు.

తూచిన ప్రతి రెక్కకూ ఆమె తెల్లటి చుక్కలు పెడుతుంది, ఒకటో మోటారుకు ఒక చుక్క, రెండోదానికి రెండు, అలా నాలుగు దాకా. పగులు కనిపిస్తే ఎర్రటి గీత గీసి, మూలనున్న రేకు డబ్బాలో పడేస్తుంది. ఆ డబ్బాలోని రెక్క మళ్లీ ఎగరకూడదు. ఇది ఆ ఇంట్లో అందరికీ తెలిసిన కట్టుబాటు.

రెండేళ్ల కిందట ఒక కాలేజీ మైదానంలో ఆటల పోటీలు తీయడానికి తమ్ముడు వెళ్లాడు. రెక్కల సంచి పట్టుకుని అక్క కూడా వెళ్లింది. పరుగు పందెం సగంలో ఉండగా పైనుంచి డ్రోను రాయిలా పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ, పెద్దలు కూర్చున్న బల్ల మీది అద్దం ముక్కలైంది. అందరూ చుట్టూ మూగి అరుస్తుంటే తమ్ముడు అన్నాడు: "రెక్కలు తూచేది మా అక్క. నేను ఎగరేసేవాణ్ణి, అంతే. ఆవిణ్ణే అడగండి."

ఆమె అక్కడే ఉంది. ఇంటికొచ్చి విరిగిన ముక్కలు కలిపి చూసింది. మూడు తెల్ల చుక్కలు, వాటి మీదుగా ఎర్రటి గీత. పొద్దున తొందరలో మూడో రెక్క కనబడక, ఒక్కసారికి ఏం కాదులే అని వాడు డబ్బాలోంచి తీసుకున్నాడు. ఆమె ఆ ముక్కల్ని వాడి బల్ల మీద పెట్టింది. తిట్టలేదు. అదే ఆమె చేసిన పొరపాటేమో. తిట్టి ఉంటే వాడు ఏడ్చేవాడు, అక్కడితో అయిపోయేది. తెల్లారి వాడు బట్టలు సర్దుకుని ఊరి అటు చివర స్టూడియోలో చేరిపోయాడు. "పోనీలే, పెద్దవాడయ్యాడు" అన్నాడు ఆమె మొగుడు. ఆమె ఆ రోజు తూచిన రెక్కల్లో ఒక్కటీ నిలబడలేదు.

విచిత్రమేమిటంటే, ఆ స్టూడియో రెక్కలు కూడా ఆమె దగ్గరికే వస్తాయి. ఊళ్లో ఈ పని చేసేవాళ్లు మరెవరూ లేరు మరి. స్టూడియో వ్యాను నడిపే పెద్దాయన అట్టపెట్టెల్లో తెస్తాడు. ఆయన్ని ఆమె మామయ్యా అంటుంది.

"స్టూడియోలో అంతా బాగున్నారా మామయ్యా?" అంటుంది ప్రతిసారీ, పెట్టె విప్పుతూ, ఆయన వైపు చూడకుండా.

"అంతా బాగున్నారు. అకౌంటెంటు బాగున్నాడు, వాచ్‌మన్ బాగున్నాడు, వాచ్‌మన్ కుక్క కూడా బాగుంది." ఆయన మొహం మీది చెమట తుడుచుకుంటాడు. "మీవాడూ బాగున్నాడు. సూటిగా అడిగితే నోరు పడిపోతుందేమిటమ్మాయ్?"

"నేనెవర్నీ అడగలేదు."

"అవునవును, నువ్వు కుక్కనే అడిగావు."

తమ్ముడి రెక్కలు ఏవో పెట్టె మీద రాయక్కర్లేదు. అంచుల్లో పచ్చగడ్డి మరకలుంటాయి. కిందికి దించేటప్పుడు వాడికి ఎప్పుడూ తొందరే. ఆ మరకలు తుడుస్తూ ఆమె చాలాసేపు కూర్చుంటుంది. ఎక్కడి గడ్డో, ఏ మైదానమో, ఎండలో టోపీ పెట్టుకున్నాడో లేదో. మిగతా సెట్లు అరగంటలో అయిపోతే వాడి సెట్టు పూట పడుతుంది. తూచడం అయిపోయినా పెట్టెలో పెట్టబుద్ధి కాదు.

ఈ ఏడు ఎండలు ముదరగానే ఆ సెట్టు తిరిగొచ్చింది.

"మూడో రెక్క బరువుందంటమ్మాయ్. మళ్లీ చూడమన్నారు" అన్నాడు డ్రైవరు మామయ్య. బ్యాటరీ బాబాయి గుమ్మంలోనే ఉన్నాడు. చెవులు నిక్కబొడుచుకున్నాయి.

ఆమె కడ్డీకి తగిలించింది. నిజంగానే మూడు చుక్కల రెక్క ఒక పక్కకు జారింది. మొహం చెల్లలేదు. వేలితో తడిమితే పైపక్కన సన్నటి టేపు ముక్క తగిలింది. పెట్టె కట్టిన టేపు ఎక్కడో తెగి అంటుకుందనుకుని ఊడబీకింది. రెక్క నిలబడింది. తనదే తప్పనుకుంది.

పది రోజులకు మళ్లీ వచ్చింది. అదే రెక్క, అదే చోట టేపు. మొదటిసారి తిప్పి పంపినప్పుడు పెట్టెను ఆమె దారంతోనే కట్టింది. టేపు ఎలా వచ్చిందసలు? ఒళ్లు మండిపోయింది. స్టూడియోలో ఎవరో తన పేరు చెడగొట్టాలని చూస్తున్నారు. అప్పటికే ఇద్దరు పాత ఖాతాదారులు, "అక్కా, మావి కాస్త శ్రద్ధగా చూడు" అని కొత్తగా అప్పగింతలు పెట్టి వెళ్లారు. ఇంకొకాయన అసలు రావడమే మానేశాడు. తొమ్మిదేళ్లలో ఆమె సంపాదించుకున్నది ఆ పేరు ఒక్కటే.

"ఆ టేపు ముక్క దాచు" అన్నాడు బ్యాటరీ బాబాయి, సలహా ఇచ్చే అవకాశం దొరికిన ఆనందంతో. "మళ్లీ వస్తే నలుగురి ముందూ చూపించు. ఎవడు చేశాడో వాడి పరువు వీధిన పడుతుంది."

"అలాగే బాబాయ్" అంది. నిజంగానే అలా చేద్దామనుకుంది.

మూడోసారి వచ్చింది. డ్రైవరు మామయ్య పెట్టె బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని, ఈసారి కుక్క సంగతి కూడా చెప్పలేదు. ఆమె తలుపు వేసుకుంది. ఫ్యాను ఎలాగూ తిరగదు. భూతద్దం తీసి టేపు మీద పెట్టింది.

టేపు కత్తెరతో కోసింది కాదు. పళ్లతో తెంపింది. తెగిన అంచు వరుసగా వచ్చి, ఎడమ పక్కన ఒక్కచోట మెట్టులా ఆగి, మళ్లీ సాగింది. అక్కడ పన్ను సగమే ఉంది.

ఆ పన్ను ఎలా విరిగిందో ఆమెకు తెలుసు. పదేళ్ల వయసులో తమ్ముడు ఇదే గదిలో సైకిలు పెడలు మీద పడ్డాడు. రక్తం చూసి తనే ముందు ఏడ్చింది. ఆ రోజు నుంచి వాడు టేపు తెంపినా, మిఠాయి పొట్లం కొరికినా అంచు అలాగే వచ్చేది. "కత్తెర ఎందుకుందిరా పక్కన?" అని ఎన్నిసార్లు తిట్టిందో.

ఆమెకు కోపం రావాల్సింది. తన పనిని మళ్లీ వేలెత్తి చూపించాడు, అదీ అదే మూడో రెక్కతో. కాసేపు అలాగే అనుకుంది. తర్వాత ఆలోచన వేరే వైపు తిరిగింది. పేరు చెడగొట్టాలనుకుంటే ఏ రెక్కకైనా అంటించొచ్చు. మూడోదానికే ఎందుకు? పోనీ ఒక్కసారితో చాలుగా. మూడుసార్లెందుకు?

అప్పుడు గుర్తొచ్చింది. ఆ కొట్లో ఇంకో కట్టుబాటు ఉంది. ఆమె అందరికీ చెప్పేదే, వాడు వందసార్లు విన్నదే. ఒకే రెక్క మూడుసార్లు బరువు చూపిస్తే తప్పు రెక్కది కాదు, మోటారుది. అప్పుడు రెక్కలు పంపి లాభం లేదు, మిషనే తేవాలి. అదీ ఎగరేసేవాడే తేవాలి. ఎందుకంటే చేతిలో అది ఎలా వణికిందో చెప్పగలిగేది వాడొక్కడే.

రెండేళ్లుగా ఆమె వాడు వస్తాడని చూసింది. వాడు రమ్మంటుందని చూశాడు.

ఆమె తలుపు తీసింది. బ్యాటరీ బాబాయి, అతనితో పాటు మరో ఇద్దరు గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"దొరికిందా?" అన్నాడు బాబాయి. "చూపించు, చూపించు."

టేపు ముక్క ఆమె అరచేతిలోనే ఉంది. పిడికిలి తెరవలేదు. ఆ మైదానంలో ఒకసారి నలుగురి ముందు ఒకరి తప్పు ఇంకొకరి మీద పడింది. మళ్లీ అలాంటిది ఈ గుమ్మంలో జరగనివ్వదలచుకోలేదు.

"ఏమీ లేదు బాబాయ్. నా చేతిలోనే ఎక్కడో తేడా వస్తోంది."

"నే చెప్పలే!" అన్నాడు బాబాయి పక్కవాళ్లతో. సందులో ఆ మాట గట్టిపడింది ఆ క్షణంలోనే.

ఆమె లోపలే నిలబడ్డ డ్రైవరు మామయ్య వైపు తిరిగింది. "రెక్కలు తెచ్చింది చాలు మామయ్యా. మూడుసార్లయింది. ఇక మిషను తెమ్మను."

"నేనే తేనా?"

"ఎగరేసేవాణ్ణి తెమ్మను."

పెద్దాయన ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూశాడు. "వ్యాను ఖాళీగానే ఉందిలే" అని గబగబా వెళ్లిపోయాడు.

మర్నాడు పదింటికి తమ్ముడు వచ్చాడు. చేతిలో డ్రోను, మెడ మీద చెమట. గుమ్మంలో చెప్పులు విప్పి, తన చేత్తో రాసిన పలకను చూసి, లోపలికొచ్చి కిటికీ సందులో జారిన కాగితాన్ని మళ్లీ కుక్కాడు. మొన్న ఏదో పిల్లి దాన్ని తోసేసింది. వాడు ఎప్పుడూ చేసే పని కాబట్టి చేశాడు. ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాడు. సన్నబడ్డాడు. టోపీ పెట్టుకోవడం లేదని మొహమే చెబుతోంది.

ఆమె మూడు చుక్కల రెక్కను కడ్డీకి తగిలించింది.

"అక్కా..." అన్నాడు.

రెక్క కదిలింది.

"మాట్లాడకు. గాలి" అంది.

ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. రెక్క కాస్త ఊగి, ఊగి, అడ్డంగా నిలబడింది. ఆమె దాన్ని కొంచెం తిప్పి వదిలింది. అక్కడే ఆగింది. తలకిందులుగా తిప్పింది. అక్కడా ఆగింది. వాడు దాని వంకే చూస్తున్నాడు, కళ్లు నిండుతున్నా ముక్కు ఎగబీల్చకుండా, ఎందుకంటే దానికి కూడా రెక్క కదులుతుంది.

తర్వాత మోటారు విప్పి చూశారు. మోటారుకు ఏమీ కాలేదు. కాలేదని ఇద్దరికీ ముందే తెలుసు. అయినా నాలుగు మోటార్లూ విప్పి, దుమ్ము దులిపి, బిగించేసరికి మధ్యాహ్నం అయింది. వెళ్లేటప్పుడు వాడు, "మళ్లీ ఎప్పుడు చూపించాలక్కా?" అని అడిగాడు. "బరువనిపించినప్పుడు" అంది. వాడు నవ్వితే సగం పన్ను కనబడింది. వాడు సందు చివర మలుపు తిరిగే దాకా ఆమె గుమ్మంలోనే నిలబడింది. ఆ తర్వాత కూడా కొంచెంసేపు నిలబడింది.

సందులో మాట మాత్రం అలాగే ఉంది. తూకమక్క ఒక రెక్కలో బరువు వదిలేస్తుందని బ్యాటరీ బాబాయి ఇప్పటికీ చెబుతాడు. ఆమె ఎవరికీ ఎదురు చెప్పదు. ఆమె బల్ల సొరుగు లోపలి పక్కన మూడో టేపు ముక్క అంటించి ఉంది. తొమ్మిదేళ్లలో ఆ బల్ల మీద నుంచి బరువు తేడాతో ఒక్క రెక్క కూడా బయటికి పోలేదు. ఆ మూడుసార్లూ టేపు అంటించింది ఆమె తమ్ముడు.